ఇంట్లోనే హైడ్రాలిక్ క్లచ్‌లో ఎయిర్ తీయడం: మొదటి నుంచి చివరి దాకా

“క్లచ్ దూదిలా మెత్తగా పోతోంది. రివర్స్ వేస్తుంటే గరగరమంటోంది. ఎయిర్ తీస్తే సరిపోతుందా? ఇంట్లో తీయొచ్చా?” ఈ మధ్య ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. అడిగేవాళ్ళలో చాలామంది ఇప్పటికే ఒకసారి ప్రయత్నించి, సీసాడు ఆయిల్ ఖర్చు పెట్టి, పెడల్ మళ్ళీ మెత్తగానే ఉందని వచ్చినవాళ్ళు.

ఇంట్లో తీయొచ్చు. తీరిగ్గా చేస్తే గంటన్నర పని, ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. కానీ రెండు విషయాల్లో రాజీ పడకూడదు. గాలి ఎక్కడి నుంచి లోపలికి వచ్చిందో ముందే కనుక్కోవాలి. తొక్కడం, తెరవడం, మూయడం, లేపడం అనే వరుస ఒక్కసారి కూడా తప్పకూడదు. నేను చూసినంతలో, చేసినా పని కాలేదన్నవాళ్ళు ఈ రెండింటిలో ఏదో ఒక దగ్గరే తప్పారు.

హైడ్రాలిక్ క్లచ్‌లో పెడల్ తొక్కితే దాని వెనకున్న మాస్టర్ సిలిండర్ పైపులోని ఆయిల్‌ను తోస్తుంది, గేర్‌బాక్స్ దగ్గరి స్లేవ్ సిలిండర్ ఆ ఒత్తిడితో క్లచ్‌ను విడదీస్తుంది. మధ్యలో గాలి చేరితే అది నలిగిపోతుంది, తోపు స్లేవ్ దాకా అందదు. ఇక్కడ చెప్పేది స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ బయట బిగించి ఉండే బళ్ళ గురించి. లోపల ఉండే రకానికి తేడాలు 9వ భాగంలో ఉన్నాయి.

1. ముందు ఇది ఎయిర్ సమస్యేనా?

మారుతి ఆల్టో, వాగన్ ఆర్ లాంటి చిన్న బళ్ళలో క్లచ్ కేబుల్‌తో నడుస్తుంది. వాటికి ఈ పనే లేదు. ఇన్నోవా, స్కార్పియో లాంటి వాటిలో హైడ్రాలిక్ ఉంటుంది. మీ బండి సంగతి తెలియకపోతే గేర్‌బాక్స్ దగ్గర చూడండి. క్లచ్ ఫోర్కును (క్లచ్‌ను విడదీసే మీటను) ఇనుప తీగ లాగుతుంటే కేబుల్. సన్నని పైపు వచ్చి ఒక చిన్న సిలిండర్‌లో కలుస్తుంటే హైడ్రాలిక్.

ఎయిర్ పట్టిన క్లచ్ ఇలా ఉంటుంది:

- పెడల్ మొదటి సగం ఏ బరువూ లేకుండా పోతుంది, లేదా నేలకు అంటుకుపోతుంది.
- రివర్స్, ఫస్ట్ గేర్లు గరగరమంటాయి, లేదా అసలు పడవు.
- పెడల్ మూడు నాలుగు సార్లు గబగబా కొడితే గేరు హాయిగా పడుతుంది.
- చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, ట్రాఫిక్‌లో ఇంజన్ వేడెక్కాక పెడల్ మెత్తబడుతుంది. ఇది ఎక్కువగా ఆయిల్‌లో చేరిన నీరు వేడికి ఆవిరి కావడం వల్ల.

యాక్సిలరేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది కానీ బండి ముందుకు పోవడం లేదా? అది క్లచ్ ప్లేటు జారడం. ఎయిర్ తీసినా మారదు. ఈ తేడా తెలియక ఆయిల్ మార్చుకుంటూ కూర్చున్నవాళ్ళున్నారు.

పని మొదలుపెట్టే ముందు డ్రైవర్ కాళ్ళ దగ్గరి మ్యాట్ తీసి చూడండి. మందపాటి మ్యాట్ ముడుచుకుని పెడల్ కిందికి వెళ్తే పెడల్ పూర్తిగా దిగదు, గేరు పడదు. ఒక్క నిమిషంలో తేలే విషయం, ముందు దీన్ని తేల్చేసుకోండి.

2. గాలి ఎక్కడి నుంచి వచ్చింది?

మూసి ఉన్న పైపులోకి గాలి ఊరికే రాదు. మొన్నీమధ్య స్లేవ్ మార్చారు, పైపు విప్పారు, ఆయిల్ బాగా తగ్గిపోయేదాకా చూసుకోలేదు అంటే కారణం తెలిసినట్టే. అలాంటిదేమీ లేకుండా పెడల్ మెత్తబడిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు సంగతి చూడకుండా ఎయిర్ తీస్తే వారం తిరక్కుండా మళ్ళీ ఇదే పని.

టార్చ్ పట్టుకుని ఈ నాలుగు చోట్లా చూడండి:

- పెడల్ వెనక. మాస్టర్ సిలిండర్ రాడ్ లోపలికి వచ్చే చోట వేలితో తడమండి. తడిగా ఉంటే మాస్టర్ సీలు పోయింది. కార్పెట్ కింద కూడా చూడండి, ఆయిల్ అక్కడికి కారి ఇంకిపోతుంది.
- స్లేవ్ రబ్బరు బూటు (తొడుగు). అంచు కొద్దిగా ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉండాలి. చెమ్మ చేరితే సీలు అరిగినట్టు, బొట్టు రాలిందంటే ఇక అది మార్చాల్సిందే.
- పైపు జాయింట్లు. దుమ్ము నల్లగా తడిసి అంటుకున్న చోట అనుమానించండి.
- రబ్బరు హోస్. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు హోస్ చుట్టూ రెండు వేళ్ళు పెట్టి పట్టుకోవాలి. వేళ్ళ కింద ఉబ్బుతున్నట్టు తెలిస్తే ఎయిర్ లేకపోయినా పెడల్ మెత్తగానే ఉంటుంది. హోస్ మార్చాలి.

బయట ఎక్కడా తడి లేకపోతే ఇంకో పరీక్ష ఉంది. చదునైన నేల మీద, ముందు ఖాళీ ఉన్న చోట ఇంజన్ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేర్ వేయండి. కుడి కాలు బ్రేక్ మీద సిద్ధంగా ఉంచి క్లచ్ నిమిషం పాటు అలాగే పట్టుకోండి. మొదట కదలని బండి కాసేపటికి తనంతట తానే ముందుకు లాగడం మొదలుపెట్టి, రిజర్వాయర్‌లో (బానెట్ కింద ఆయిల్ ఉండే డబ్బాలో) ఆయిల్ మాత్రం తగ్గకపోతే, మాస్టర్ లోపలి సీలును దాటుకుని ఆయిల్ వెనక్కి పోతోందని అర్థం. అది సీళ్ళ కిట్టు లేదా కొత్త మాస్టర్ వేయాల్సిన కేసు.

3. ఏ ఆయిల్ పోయాలి?

మన దగ్గర దీన్ని అందరూ బ్రేక్ ఆయిల్, క్లచ్ ఆయిల్ అంటారు. ఆ ‘ఆయిల్’ అనే మాటే కొందరిని ముంచుతుంది. ఇది మామూలు నూనె కాదు, గ్లైకాల్ రకం ద్రవం. పొరపాటున ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో ఒక చెంచాడు పడినా లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి. ఇక పైనుంచి కిందిదాకా రబ్బరు ఉన్న ప్రతిదీ మార్చాలి.

రిజర్వాయర్ మూత మీద డాట్ 3 లేదా డాట్ 4 అని ద్రవం రకం రాసి ఉంటుంది. అదే కొనండి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒకే జాతివి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. డాట్ 5 సిలికాన్ రకం. పేరు దగ్గరగా ఉంది కదా అని 5.1 బదులు 5 పోయకండి. మూత మీద మినరల్ ఆయిల్ అని రాసి ఉన్న బళ్ళు కూడా కొన్ని ఉన్నాయి, వాటికి వాటి ఆయిలే పోయాలి.

సీలు తీయని సీసా కొనండి. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అదే ద్రవంలో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో, అందులోనూ వర్షాకాలంలో, నిరుడు సగం వాడి అటక మీద పెట్టిన సీసా మీద నాకు నమ్మకం లేదు. అర లీటరు సీసా ఒకటి పనికి సరిపోతుంది.

4. ముందే దగ్గర పెట్టుకోవాల్సినవి

మధ్యలో లేచి వెతుక్కునే పరిస్థితి రాకూడదు. నిపుల్ (స్లేవ్ దగ్గర ఆయిల్‌ను, గాలిని బయటికి వదిలే చిన్న మర) తెరిచి ఉండగా పక్కింటికి పానా కోసం వెళ్ళలేం కదా.

- నిపుల్‌కు సరిపోయే రింగ్ పానా. సాధారణంగా 8 లేదా 10 మి.మీ. ఉంటుంది. నోరు తెరిచి ఉండే పానా వద్దు, మూలలు అరిగిపోతాయి.
- నిపుల్ మీద బిగుతుగా కూర్చునే పారదర్శకమైన సన్నని పైపు, మూడు అడుగులు. చేపల తొట్టెకు వాడే పైపు చక్కగా పనికొస్తుంది.
- పారదర్శకమైన ప్లాస్టిక్ సీసా. మూతకు పైపు పట్టేంత బెజ్జం పెట్టండి, పక్కన గాలి పోవడానికి ఇంకో చిన్న బెజ్జం.
- సూది లేని పెద్ద సిరంజి, 50 లేదా 100 మి.లీ.
- తుప్పు వదిలించే స్ప్రే, వైరు బ్రష్.
- పాత నూలు బట్టలు, బకెట్ నీళ్ళు.
- చేతి తొడుగులు, కళ్ళద్దాలు. బండి కింద పడుకుని పైకి చూస్తూ చేసే పని ఇది, చుక్క నేరుగా కంట్లోకే పడుతుంది. పడితే వెంటనే ధారగా నీళ్ళతో కడుగుతూ ఉండాలి, మంట తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి.
- జాకీ, రెండు జాక్ స్టాండ్లు, చక్రాల కింద పెట్టడానికి చెక్క దిమ్మెలు.
- చెప్పినప్పుడు తొక్కి, చెప్పేదాకా లేపని ఒక మనిషి.

5. బండిని నిలబెట్టడం

చదునైన గట్టి నేల కావాలి. హ్యాండ్ బ్రేక్ వేయండి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. ఇంజన్, సైలెన్సర్ చల్లారేదాకా ఆగండి.

కొన్ని బళ్ళలో బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కకు తీస్తే పైనుంచే నిపుల్ అందుతుంది. అలా అందితే బండి ఎత్తాల్సిన పనే లేదు. ఎత్తక తప్పదంటే జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద దించి, బండిని చేత్తో గట్టిగా ఊపి చూశాకే కిందికి దూరండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, ఇటుకలను అసలే నమ్మకండి. లోపల ఒక మనిషి పెడల్ తొక్కుతూ ఉంటారు కాబట్టి బండి కదులుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి.

6. నిపుల్, రిజర్వాయర్: ఈ వరుస మార్చకండి

ముందు రోజు సాయంత్రమే నిపుల్ చుట్టూ మట్టి బ్రష్‌తో రాలగొట్టి, దాని మొదలు దగ్గర స్ప్రే కొట్టి వదిలేయండి. తెల్లారాక రింగ్ పానా వేసి, పానా చివర అరచేత్తో చిన్న దెబ్బ వేయండి. నిపుల్ కదిలిందా? కదిలితే వెంటనే మళ్ళీ మూసేయండి.

నిపుల్ కదులుతుందని తేలాకే రిజర్వాయర్ జోలికి వెళ్ళాలి. ముందే పాత ఆయిల్ లాగేసి, తర్వాత నిపుల్ విరిగితే బండి అక్కడే ఆగిపోతుంది. మొండికేస్తే స్ప్రే కొట్టి గంట ఆగి, చిన్న సుత్తితో పక్కల మెల్లగా తట్టి, బిగించే వైపు రవ్వంత, విప్పే వైపు రవ్వంత ఆడించండి. మంట చూపించడం మాత్రం వద్దు. ఈ ద్రవం అంటుకుంటుంది.

ఇక రిజర్వాయర్. కొన్ని బళ్ళలో క్లచ్‌కు సొంత డబ్బా ఉంటుంది. చాలా కార్లలో బ్రేక్ డబ్బా నుంచే ఒక పక్క పైపు క్లచ్‌కు వెళ్తుంది. ఆ పైపు డబ్బాకు కాస్త పైభాగంలో పెడతారు. క్లచ్ వైపు లీకై ఆయిల్ తగ్గినా బ్రేకులకు కొంత మిగలాలని ఆ ఏర్పాటు. మనకు దాని అర్థం వేరు: ఆయిల్ కాస్త తగ్గినా మొదట గాలి పీల్చేది క్లచ్చే. అందుకే బ్లీడింగ్ (ఎయిర్ తీయడం) అయిపోయేదాకా ఆయిల్‌ను మ్యాక్స్ గీత దగ్గరే ఉంచాలి.

- మూత చుట్టూ తుడిచి తెరవండి. డబ్బా చుట్టూ, కింద రంగు ఉన్న చోటల్లా తడిబట్ట పరవండి. ఈ ద్రవం రంగును తినేస్తుంది. చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్ళు పోయాలి.
- సిరంజితో పాత ఆయిల్ లాగండి. ఉమ్మడి డబ్బా అయితే పూర్తిగా ఖాళీ చేయకండి, మిన్ గీత దాకా చాలు.
- కొత్త ఆయిల్ మ్యాక్స్ దాకా పోయండి. సీసాను కుదపకండి, సన్నని ధారగా పోయండి.
- ఆయిల్ లాగినప్పటి నుంచి మళ్ళీ పోసేదాకా ఎవరూ పెడల్ తాకకూడదు.

లాగిన ఆయిల్ నల్లగా ఉంటే సీళ్ళ రబ్బరు అరుగుతోందనుకోవచ్చు. మురికి టీ రంగులో ఉంటే పాతబడింది, తేమ చేరింది. చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి.

7. ఇద్దరు కలిసి ఎయిర్ తీయడం

రింగ్ పానాను ముందు నిపుల్ మీద పెట్టి, తర్వాత పైపు తొడగండి. పైపు రెండో చివర సీసాలో అంగుళం కొత్త ఆయిల్ పోసి అందులో మునిగేలా ఉంచండి. పైపు నిపుల్ నుంచి ముందు కాస్త పైకి వెళ్ళి, తర్వాత సీసాలోకి దిగాలి. అలా ఉంటే బుడగలు నిపుల్ దగ్గర నిలవవు, పైకి తేలి మనకు కనబడతాయి.

ఇప్పుడు మాటల సంగతి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పనంతా దీని మీదే ఉంది. మొదటిసారి మా బావమరిది సీట్లో ఉన్నాడు, నేను బండి కింద ఉన్నాను. నిపుల్ తెరవబోతూ “వదులు చేస్తున్నా” అని అరిచాను. అతనికి ‘వదులు’ ఒక్కటే వినిపించింది, కాలు తీసేశాడు. కిందికి జారుతున్న ఆయిల్ పైపులో ఒక్కసారి ఆగి, జానెడు దూరం వెనక్కి పరుగెత్తి నిపుల్‌లోకి దూరిపోయింది. దాని వెంటే బుడగల వరస. పావుగంట పని మళ్ళీ మొదటికొచ్చింది.

అప్పటి నుంచి ‘వదులు’ అనే మాట మా దగ్గర నిషేధం. రెండే మాటలు: ‘తొక్కు’, ‘లేపు’. ప్రతి మాటకూ అటు నుంచి జవాబు రావాలి.

వరుస ఇది:

1. మీరు: “తొక్కు.”
2. సీట్లో మనిషి నెమ్మదిగా, రెండు మూడు సెకన్లలో పెడల్‌ను కిందికి తొక్కి, పట్టుకుని: “తొక్కా బావా.”
3. మీరు నిపుల్‌ను పావు నుంచి అర చుట్టు తెరవండి. ఆయిల్, బుడగలు వస్తాయి. పెడల్ ఇంకా కిందికి జారుతుంది. జారనివ్వాలి, కాలు మాత్రం పైకి రాకూడదు.
4. ధార ఆగకముందే నిపుల్ మూసేయండి.
5. మీరు: “లేపు.”
6. పెడల్‌ను నెమ్మదిగా పైకి రానిచ్చి: “లేపా.” తనంతట తాను రాకపోతే చేత్తో పైకి లాగాలి. మొదట్లో స్ప్రింగ్‌కు చాలక పెడల్ నేలకే అంటుకుని ఉండటం మామూలే.
7. ఐదు సెకన్లు ఆగండి. పైనుంచి ఆయిల్ మాస్టర్‌లోకి దిగడానికి ఆ మాత్రం సమయం కావాలి. మళ్ళీ 1.

ప్రతి నాలుగైదు సార్లకు డబ్బా చూసి మ్యాక్స్ దాకా నింపండి. ఈ లెక్క ఎవరిదో ముందే అనుకోండి. ఇద్దరూ ఎదుటివాళ్ళు చూస్తారనుకుంటేనే డబ్బా ఖాళీ అవుతుంది. మా ఇంట్లో లెక్క సీట్లో మనిషిదే. ఐదోసారి లేపగానే “ఆయిల్” అని గుర్తు చేయాలి.

గబగబా పంపు చేయకండి. బ్రేకుల అలవాటు కొద్దీ చాలామంది పది సార్లు కొట్టి పట్టుకుంటారు. అలా చేస్తే పెద్ద బుడగ చితికి నురగ అవుతుంది. నురగ బయటికి రావడం బుడగ కంటే చాలా కష్టం. పైపులో ఆయిల్ పాలలా తెల్లగా కనిపిస్తే అన్నీ మూసేసి అరగంట టీ తాగి రండి.

8. ఎప్పుడు ఆపాలి? గాలి పోకపోతే ఏం చేయాలి?

ఆయిల్ కొత్తదానిలా తేరిన రంగుకు రావాలి. ఆ తర్వాత వరసగా ఐదుసార్లు ఒక్క బుడగ కూడా రాకూడదు. పెడల్ పైభాగం నుంచే బరువు తెలియాలి. సాధారణంగా 15, 20 సార్లలో ఇక్కడికి వస్తాం.

రాలేదంటే గాలి ఎత్తుగా ఉన్న ఏదో మూలలో ఇరుక్కుంది. గాలి ఎప్పుడూ పైకి పోవాలని చూస్తుంది, మనమేమో కిందికి తోస్తున్నాం. పైపు ఎక్కడైనా వంతెనలా పైకి వంగి ఉంటే బుడగ ఆ వంపులో కూర్చుని, తొక్కినప్పుడు కాస్త దిగి, లేపగానే మళ్ళీ అక్కడికే చేరుతుంది. ఈ వరుసలో ప్రయత్నించండి.

స్లేవ్ పిస్టన్‌ను వెనక్కి నెట్టడం. నిపుల్ మూసి, డబ్బా మూత తీసి, క్లచ్ ఫోర్కును చేత్తోనో చిన్న రాడ్‌తోనో స్లేవ్ వైపు నెమ్మదిగా నెట్టి వదలండి. పైన డబ్బాలో బుడగలు గుడగుడమని తేలితే గాలి పైదారిన పోతున్నట్టే. బుడగలు ఆగేదాకా పదిసార్లయినా చేయండి. ఆయిల్ పైకి పొంగవచ్చు, డబ్బా మీద ఒక కన్నేసి ఉంచండి.

స్లేవ్‌ను విప్పి వంచడం. కొన్ని స్లేవ్‌లలో నిపుల్ అన్నిటికంటే పైన ఉండదు, గాలి దాని కంటే ఎత్తున మిగిలిపోతుంది. పైపు ఊడదీయకుండా రెండు బోల్టులు మాత్రం విప్పి, పిస్టన్‌ను పూర్తిగా లోపలికి నొక్కి క్లాంపుతో బిగించి, నిపుల్ పైకి ఉండేలా పట్టుకుని బ్లీడ్ చేయాలి. క్లాంపు లేకుండా పెడల్ తొక్కితే పిస్టన్ ఎగిరి బయటపడుతుంది.

కింది నుంచి పైకి ఎక్కించడం. నాకు అన్నిటికంటే నమ్మకమైన దారి ఇదే, ఎందుకంటే గాలి వెళ్ళాలనుకునే దిక్కుకే మనమూ తోస్తాం. ముందు మామూలు పద్ధతిలో పాత మురికి ఆయిల్ బయటికి పంపేయాలి, లేకపోతే ఆ మడ్డి మాస్టర్‌లోకి ఎక్కుతుంది. డబ్బాలో ఆయిల్‌ను మిన్ గీతకు తగ్గించండి. సిరంజిలో, పైపులో బుడగ లేకుండా కొత్త ఆయిల్ నింపి, నిపుల్‌కు తొడిగి, అర చుట్టు తెరిచి, చాలా నెమ్మదిగా నొక్కండి. సిరంజి ఖాళీ కాకముందే నిపుల్ మూయాలి. పెడల్ మీద ఎవరి కాలూ ఉండకూడదు.

పెడల్ ఫ్రీ ప్లే చూడటం. పెడల్‌ను వేలితో నొక్కితే మొదట కొన్ని మిల్లీమీటర్లు ఖాళీగా ఆడాలి. రాడ్ బిగుతుగా సెట్ అయి ఆ ఆట లేకపోతే మాస్టర్‌లో ఆయిల్ తిరిగొచ్చే చిన్న బెజ్జం మూసుకునే ఉంటుంది. అప్పుడు గాలి పైకి రాదు, పైగా క్లచ్ జారడం మొదలవుతుంది. ఎంత ఖాళీ ఉండాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది.

కొత్త మాస్టర్ వేసిన బండిలో గాలి పోకపోతే, ఆ మాస్టర్‌లోనే గాలి మిగిలిందని మొదట అనుమానించండి. బండికి ఎక్కించే ముందే బల్ల మీద బిగించి ఆయిల్ నింపి, లోపలి గాలి తీసి ఉంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

తోడు ఎవరూ లేకపోతే. డబ్బా నింపి, మూత వదులుగా పెట్టి, నిపుల్ తెరిచి ఆయిల్‌ను తనంతట తాను చుక్కచుక్కగా దిగనివ్వండి. పావుగంట నుంచి అరగంట పడుతుంది, పక్కనే ఉండి నింపుతూ ఉండాలి. తర్వాత నిపుల్ మూసి సిరంజి పద్ధతి చేయండి. వ్యాక్యూమ్ పంపు వాడేవాళ్ళకు ఒక మాట: నిపుల్ మరల సందుల్లోంచి కూడా బయటి గాలి లాగుతుంది కాబట్టి, లోపల గాలి అయిపోయినా పైపులో బుడగలు కనిపిస్తూనే ఉంటాయి. వాటిని చూసి సీసాలు సీసాలు పారబోయకండి, నిపుల్ మూసి పెడల్ తొక్కి తేల్చుకోండి.

9. స్లేవ్ గేర్‌బాక్స్ లోపల ఉంటే

కొన్ని కార్లలో స్లేవ్, రిలీజ్ బేరింగ్ (క్లచ్‌ను నొక్కి విడదీసే బేరింగ్) కలిసి ఒకే ముక్కగా గేర్‌బాక్స్ షాఫ్ట్ చుట్టూ ఉంటాయి. బయట కనిపించేది పైపు జాయింటూ నిపులే. ఏడు అంచెల వరుస ఇక్కడా అదే. కానీ ఫోర్కు నెట్టడం, స్లేవ్ విప్పడం కుదరవు. పెడల్‌ను ఇంకా నెమ్మదిగా తొక్కాలి.

నిపుల్ దగ్గర ప్లాస్టిక్ జాయింట్లు ఉంటాయి, ఇట్టే విరుగుతాయి. ఒక చేత్తో జాయింటును పట్టుకుని ఇంకో చేత్తో తెరవండి. గేర్‌బాక్స్, ఇంజన్ కలిసే చోట కింద ఆయిల్ చుక్కలు కనిపిస్తే లోపలి స్లేవ్ లీకవుతుండవచ్చు. చుక్క పల్చగా ఉండి నీళ్ళలో కలిసిపోతే అది క్లచ్ ఆయిలే, ఇంజన్ ఆయిల్ అయితే నీళ్ళ మీద తేలుతుంది. అదే అయితే గేర్‌బాక్స్ దించాలి, ఇంటి పని కాదు.

10. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి దారి

డబ్బా ఖాళీ అయిపోయింది. నింపి, మొదటి నుంచి మొదలుపెట్టండి. ఉమ్మడి డబ్బా అయి, బ్రేకుల వైపు కూడా పూర్తిగా అడుగంటితే బ్రేకుల్లోకి గాలి పోయి ఉండొచ్చు. బ్రేకులు కూడా బ్లీడ్ చేసేదాకా ఆ బండి రోడ్డెక్కకూడదు. మెల్లగా మెకానిక్ దాకా తోలుకుపోదాం అనుకోకండి. మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

నిపుల్ మూలలు అరిగాయి. ఆరు మూలల సాకెట్ గట్టిగా దిగేలా వేసి చూడండి. విప్పగలిగితే పాతది మళ్ళీ వాడకండి, కొత్త నిపుల్ కొన్ని రూపాయల పని. విరిగితే స్లేవ్ మార్చడమే మేలు.

మూసినా నిపుల్ కారుతోంది. ఇంకా బిగించాలనిపిస్తుంది, ఆగండి. మొనలో ఇసుక రేణువు చిక్కి ఉండొచ్చు. విప్పి తుడిచి మళ్ళీ వేయండి. నిపుల్‌కు మణికట్టు బలం చాలు, భుజబలం పెడితే మరలు పోతాయి.

డబ్బా పైదాకా నింపారు. బ్రేక్ ప్యాడ్లు అరిగితే ఆయిల్ తగ్గుతుంది కదా, క్లచ్‌లో దీనికి తలకిందులు. ప్లేటు అరిగేకొద్దీ స్లేవ్ పిస్టన్ వెనక్కి జరిగి ఆయిల్ పైకి వస్తుంది. అందుకే సొంత డబ్బా ఉన్న క్లచ్‌లో మ్యాక్స్ దాటి పోస్తే ఏదో ఒకరోజు మూత దగ్గర పొంగుతుంది. ఎక్కువైంది సిరంజితో తీసేయండి.

11. రోడ్డెక్కే ముందు

- నిపుల్ బిగించి, రబ్బరు మూత పెట్టండి. దుమ్ము పోకుండా కాపాడేది అదే.
- స్లేవ్, నిపుల్, చుట్టుపక్కల ఆయిల్ పడిన చోటల్లా నీళ్ళతో కడిగి తుడవండి. పొడిగా ఉంటేనే కొత్త లీకు తెలుస్తుంది.
- ఆయిల్ మ్యాక్స్ దగ్గర ఉందా, మూత బిగుసుకుందా చూడండి.
- ఇంజన్ ఆపి ఉండగా పెడల్ 20 సార్లు మామూలుగా తొక్కండి. మొదటిసారికీ ఇరవయ్యోసారికీ బరువు ఒకేలా ఉండాలి.
- బండి దించి, చదునైన చోట స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. గరగర ఉండకూడదు.
- 2వ భాగంలో చెప్పిన ఫస్ట్ గేర్ పరీక్ష మళ్ళీ చేయండి. బండి కదలకూడదు.
- కదిలే ముందు బ్రేక్ పెడల్ కూడా తొక్కి చూడండి. ఉమ్మడి డబ్బా అయితే ఇది తప్పనిసరి.
- మొదట కాలనీలోనే పది నిమిషాలు తిప్పి, ఇంజన్ వేడెక్కాక మళ్ళీ రివర్స్ వేసి చూడండి.

పాత ఆయిల్‌ను మురుక్కాలవలో, మొక్కల్లో పోయకండి. సీసాలో మూత బిగించి, పేరు రాసి, వాడేసిన ఆయిల్ తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి. ఇంజన్ ఆయిల్‌తో కలపకుండా విడిగా ఇవ్వాలి. పిల్లలకు అందే చోట అసలు పెట్టొద్దు, రంగు చూస్తే శరబత్తులాగే ఉంటుంది.

రాత్రికి స్లేవ్ కింద నేల మీద ఒక తెల్ల కాగితం పరిచి ఉంచండి, ఎగరకుండా రాయి పెట్టండి. పొద్దున్నే కాగితం మీద చుక్క లేకపోతే, డబ్బాలో ఆయిల్ రాత్రి ఉన్న గీత దగ్గరే ఉంటే, మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక చిన్న స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల అంటించండి. చుక్క ఉంటే మాత్రం మళ్ళీ పానా తీయకండి. టార్చ్ తీసుకుని 2వ భాగం దగ్గరికి వెళ్ళండి.